బస్తరు రాజరథము

ఛత్రము, చామరము, సింహాసనము, వాహనము అనునవి రాజలాంఛనములు. కాలక్రమమున రాజులు పోయిరి. ఛత్రచామరములు దేవాలయములకు, సింహాసనములు వస్తుప్రదర్శనశాలలకు చేరినవి. వాహనము మాత్రము రూపు మార్చుకొని నిలిచినది. ఇంగ్లండులో మంత్రులకు ప్రభుత్వము సమకూర్చు మోటారుకారు ఈ వంశములోనిదే. హెరాల్డ్ విల్సన్ ప్రధానిగా నుండగా వాడిన రోవరు కారులో ఆయన పొగాకు గొట్టము కొరకై ప్రత్యేకముగా నొక బూడిదపళ్లెము నమర్చిరని చెప్పుదురు. ఆ తరగతి కార్ల నిర్మాణము 1973లోనే నిలిచిపోయినను, ముందుచూపుతో కొని దాచిన బండ్లతో అచ్చటి ప్రభుత్వము మరికొన్ని యేండ్లు గడిపినది. 1979 మే 4వ తేదీన మార్గరెట్ థాచర్ ప్రధానియై డౌనింగు వీథికి వచ్చినదియు అట్టి కారులోనే.

మన దేశమున ఆ స్థానము అంబాసిడరుది. అదియు పుట్టుకచే ఇంగ్లీషుదే. మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు అచ్చున హిందూస్థాన్ మోటార్సువారు 1950వ దశకపు చివరి నుండి 2014 వరకు దానిని తయారుచేసిరి. మంత్రుల కార్ల నెత్తిమీది ఎఱ్ఱదీపము 2017 మే 1వ తేదీ నుండి తొలగింపబడినది. అందులకు సామాన్యుడు సంతోషించెను. దీపము తీయునప్పుడు అతని అనుమతి నెవ్వరును అడుగలేదు, పెట్టునప్పుడును అడిగియుండలేదు.

ఏలికవాడు వాహనమెక్కుటకు ముందు ప్రజల అనుమతి నడుగవలసిన రాజ్యమొకటి ఉండెడిది. అది తెలుగు దేశమునకు పొరుగున, గోదావరి కావలి యొడ్డుననే ఉన్నది. అదియే బస్తరు.

కొత్తవలస నుండి కిరందుల్ వరకు 1960వ దశకమున వేసిన రైలుమార్గము బైలదిల్లా ఇనుపరాతిని విశాఖపట్టణపు రేవునకు చేర్చుచున్నది. ఆ మార్గమున ఉద్యోగరీత్యా పోయివచ్చు తెలుగువారికి జగదల్‌పూరు పరిచితమైన ఊరే. అయితే ఆ పట్టణపు రాజవంశము తెలుగు వంశమని చెప్పుకొనునదను సంగతి అందరికిని గుర్తుండదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి, ఇంద్రావతీ తీరమున క్రొత్త రాజ్యము స్థాపించెనని వంశచరిత్ర. 1703లో దిక్పాలదేవుని కాలమున దంతెవాడయందు వేయించిన శాసనము సంస్కృతమునను దేశభాషయందును ఉన్నది. కాకతి ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమరాజు ఓరుగల్లు విడిచి బస్తరునకు వచ్చెనని అందు కలదు. జరిగినదానికి దాదాపు నాలుగువందల యేండ్ల తరువాతి సాక్ష్యమగుటచే చరిత్రకారులు దీనిని కొంత జాగ్రత్తతో గ్రహింతురు. బస్తరు ప్రజలకు మాత్రము ఇందు సంశయము లేదు.

అన్నమదేవుని ప్రయాణమును గూర్చి అచ్చట అందరికిని తెలిసిన కథ యొకటి గలదు. కులదేవత దంతేశ్వరి అతని వెంట నడచి వచ్చుటకు అంగీకరించి, వెనుదిరిగి చూడరాదని నియమము పెట్టినది. రాజు ముందు నడువగా, వెనుక దేవి అందెల చప్పుడు వినవచ్చుచుండెను. శంఖినీ డంకినీ నదుల సంగమమున అందెలు ఇసుకలో కూరుకొని చప్పుడు ఆగిపోయెను. రాజు వెనుదిరిగెను. దేవి అచ్చటనే నిలిచిపోయెను. నేటి దంతెవాడ గుడి అదియే. ఈ కథలో రథము లేదు, ఏనుగు లేదు. ఏలికయు దేవతయు కాలినడకనే వచ్చిరి. వాహనము పిమ్మట వచ్చినది.

అది వచ్చినది పూరీనుండి. క్రీ. శ. 15వ శతాబ్దమున రాజ్యమేలిన పురుషోత్తమదేవుడు జగన్నాథుని సేవించుటకు దండప్రణామములు చేయుచు పూరీకి పోయెనని, స్వామి ఆజ్ఞచే అచ్చటివారు ఆయనకు ‘రథపతి’ బిరుదమును, పదునారు చక్రముల రథమెక్కు అధికారమును ఇచ్చిరని సంప్రదాయము చెప్పును. బస్తరు అడవిదారులలో పదునారు చక్రములు ఎట్లు నడచును? రాజు అందు నాలుగు చక్రములు జగన్నాథునకు సమర్పించెను. జగదల్‌పూరులో ఆషాఢమాసమున జరుగు గోంచా రథోత్సవము దాని ఫలమే. ఆ పండుగలో తుప్‌కీ అను వెదురు గొట్టములలో అడవికాయలు కూర్చి పేల్చి జనులు స్వామికి వందనము చేయుదురు. సంస్థానాధీశులకు ఇంగ్లీషువారు లెక్కపెట్టి ఇచ్చిన ఫిరంగి వందనములకన్న ఇది ముచ్చటైనది, ఖర్చును తక్కువ. మిగిలిన పండ్రెండు చక్రముల రథము దంతేశ్వరిదై దసరాకు చేరినది. అదియు లాగుటకు బరువగుటచే కాలాంతరమున రెండుగా చీలెను. నాలుగు చక్రములది పూలరథము; ఆశ్వయుజ శుద్ధ విదియ నుండి సప్తమి వరకు ఇది ఊరేగును. ఎనిమిది చక్రములది విజయరథము. ఇది దశమినాడును ఏకాదశినాడును కదలును. ఒక యేడు ఒకటి, మరుసటి యేడు మరియొకటి క్రొత్తగా కట్టుట ఆనవాయితీ.

కట్టుటయనగా ఒక కంట్రాక్టరునకు అప్పగించుట కాదు. బస్తరు దసరా డెబ్బదియైదు దినముల పండుగ. శ్రావణ అమావాస్యనాడు బిలోరీ గ్రామపు అడవినుండి తెచ్చిన దుంగకు పూజచేయుటతో అది మొదలగును. పిమ్మట సిరాసార్ భవనమున సాలవృక్షపు కొమ్మలు నాటుదురు. ఝార్ ఉమర్‌గావ్, బేడా ఉమర్‌గావ్ గ్రామముల వడ్రంగులు రథము చేయుదురు. కమ్మరులు ఇనుపపని చూతురు. త్రాళ్లు పేనువారు వేరు, లాగువారు వేరు. పూలరథమును లాగు హక్కు జగదల్‌పూరు చుట్టుపట్ల గ్రామములది. విజయరథమును లాగు హక్కు కిలేపాల్ ప్రాంతపు మాడియాలది. ఇచ్చట హక్కు అనుటయే న్యాయము. ఈ పని చేయుమని వారిని ఎవ్వరైన బలవంతపెట్టినను కోపింతురేమోగాని, చేయవద్దన్నచో తప్పక కోపింతురు.

ఇంత చేసినను రాజు తనంతట రథమెక్కుటకు వీలు లేదు. ముందు కాఛిన్‌గాదీ జరుగవలెను. నేతపని చేయు కులమునకు చెందిన ఒక చిన్నపిల్లపై కాఛిన్ దేవి ఆవహించును. ఆ పిల్లను బిల్వకంటకముల ఊయెలపై పరుండబెట్టి ఊపుదురు. రాజు పరివారముతో ఆ గుడికి నడచి వచ్చి పండుగ జరుపుకొనుటకు అనుమతి వేడును. పిల్ల చేతినుండి ప్రసాదము అందిన పిమ్మటనే రథము కదలును. అటుతరువాత ఆమాబాల్ గ్రామపు హల్బా కుటుంబములోని ఒకడు సిరాసారులో త్రవ్విన గోతిలో కూర్చుండి, పండుగ నిర్విఘ్నముగ సాగుటకై తొమ్మిది దినములు ఉపవాసముండును. నవమిరాత్రి దంతెవాడనుండి మావలీమాత డోలీ వచ్చును. రథమునెక్కు రాజు ఎదురేగి, ఆ డోలీ కొమ్మును తన భుజముపై పెట్టుకొని మోయును. రాజు బోయీ అగుట ఏడాదికొక్కమారైనను జరిగెడిదన్నమాట.

దశమినాటి రాత్రి జరుగు సంగతి మరింత వింత. ఊరేగింపు ముగిసి రథము నిలిచిన పిమ్మట మాడియాలు దానిని దొంగిలించి, పట్టణమునకు చేరువనున్న కుమ్డాకోట్ అడవికి లాగుకొనిపోవుదురు. ఎనిమిది చక్రముల రథమును వందలమంది త్రాళ్లతో లాగుకొనిపోవుచుండగా ఊరిలో నెవ్వరికిని తెలియదట! మరునాడు రాజు అచ్చటికే పోవలెను. క్రొత్త బియ్యపు అన్నము వారితో కలిసి తినవలెను. అప్పుడుగాని రథము మరలి రాదు. దీనిని వేడుకగా చూచువారు చూతురుగాక. రాజ్యవాహనము ప్రజలు తిరిగి ఇచ్చినగాని రాజుది కాదనియు, తమతో పంక్తిభోజనమునకు రానివానికి దానిని వారు ఈయరనియు ఈ ఆచారము ఏటేట చాటుచున్నది.

ఆచారము ఆటగానే మిగిలిపోలేదనుటకు 1876 సాక్షి. ఆ యేడు ఇంగ్లండు యువరాజు హిందూదేశమున పర్యటించుచుండెను. ఆయన దర్శనార్థమై రాజు భైరమదేవుడు జగదల్‌పూరు విడిచి బయలుదేరెను. రాజు వెడలినచో తాము దివాను గోపీనాథ కపర్దార్ చేతులలో చిక్కుదుమని మురియాలు భయపడిరి. అప్పటికే అతని దుండగములకు వారు విసిగియుండిరి. మారెంగా గ్రామమువద్ద వారు దారికడ్డము నిలిచి, రాజును మరలిపొమ్మని వేడిరి. దివాను ఆజ్ఞచే తుపాకులు పేలినవి. రాజు వెనుకకు మరలవలసివచ్చెను. పిమ్మట వేలకొలది మురియాలు జగదల్‌పూరును ముట్టడించిరి. వారు రాజును పదవినుండి దింపుమని కోరలేదు. తమను విడిచి పోవలదనియు, దివానును తొలగింపుమనియు కోరిరి. సిరొంచా డిప్యూటీ కమీషనరు మెక్‌జార్జి సేనతో వచ్చి, వారి మొర విని, దివానును తొలగించెను. ఆ మార్చి 8వ తేదీన ఆయన జరిపిన సభయే మురియా దర్బారునకు ఆది. అదియే పిమ్మట దసరాలో భాగమయ్యెను.

రాజరథము ఏడాదికి కొన్ని దినములే కదలును. తక్కిన దినములలో ప్రభుత్వవాహనమేది? ఈ ప్రశ్నకు సమాధానము ఆహ్లాదకరము కాదు. బాటలు లేని ఆ సీమలో అధికారులు పర్యటనకు వచ్చినప్పుడు వారి సామగ్రిని గ్రామస్థులే మోసెడివారు. కూలి లేని ఆ వెట్టికి బేగారు అని పేరు. ఇంటి దున్నకము మాని, పరులకు అన్నము, కోళ్లు సమకూర్చి, వారి పెట్టెలు మరుసటి ఊరివరకు మోసి మరలివచ్చుట ఆ కాలపు మనుష్యునకు ప్రభుత్వముతో గల పరిచయము. దేవి రథమును లాగుట హక్కుగా భావించినవాడు దొర పెట్టెను మోయుట అవమానముగా భావించెను. మోత ఒక్కటియే అయినను అర్థము వేరు. రక్షితారణ్యముల నిర్బంధములును దీనికి తోడైనవి. 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్ అను తిరుగుబాటు చెలరేగినది. మామిడికొమ్మ, మిరపకాయలు, మట్టిగడ్డ, బాణము గ్రామమునుండి గ్రామమునకు చేతులు మారుచు పోయి, చదువురానివారికి వార్తాపత్రమైనవి. నేతానార్ గ్రామపు గుండాధూర్ పేరు దీనితో చిరస్మరణీయమయ్యెను. ఇంగ్లీషుసేన తిరుగుబాటు నణచినది. గుండాధూరు మాత్రము పట్టుబడలేదు.

రథముపైని ఆసనమునకు సంబంధించిన పెద్ద విషాదము స్వాతంత్ర్యానంతరము జరిగినది. 1936లో మహారాణి ప్రఫుల్లకుమారీదేవి లండనులో మరణింపగా, ఆమె కుమారుడు ప్రవీరచంద్ర భంజదేవు బాల్యముననే రాజయ్యెను. 1948 జనవరి 1న బస్తరు మధ్యరాష్ట్రమున విలీనమైనది. రాజ్యము పోయినను ఆదివాసులకు ఆయన దంతేశ్వరి ప్రధానార్చకుడే. 1953లో ఆయన ఆస్తి కోర్ట్ ఆఫ్ వార్డ్సు అధీనమైనది. 1957లో ఆయన కాంగ్రెసు పక్షమున శాసనసభకు ఎన్నికయ్యెను. పిమ్మట ప్రభుత్వముతో వైరము పెరిగినది. 1961 ఫిబ్రవరిలో ఆయనను నిర్బంధించి, రాజుగా గుర్తింపును రద్దుచేసి, తమ్ముడు విజయచంద్ర భంజదేవును గుర్తించిరి. మార్చి 31న లోహండీగూడాలో గుమిగూడిన ఆదివాసులపై కాల్పులు జరిగి పలువురు మరణించిరి. రాజెవరో కాగితముపై నిర్ణయించుట ఢిల్లీకి సాధ్యమైనది. రథముపై నెవరు కూర్చుండవలెనను ప్రశ్నకు మాత్రము కుమ్డాకోట్ అడవిలో వేరు సమాధానముండెను. 1966 మార్చి 25న జగదల్‌పూరు రాజభవనముననే పోలీసు కాల్పులలో ప్రవీరచంద్రుడును, ఆయనతోడి ఆదివాసులును హతులైరి. విచారణ సంఘము ఏర్పడినది, నివేదిక వెలువడినది. ఆయన చిత్రపటము నేటికిని బస్తరు ఇండ్లలో కాననగును.

నేడు రథముపై రాజు లేడు. దంతేశ్వరి ఛత్రమును పట్టుకొని అర్చకుడు మాత్రమే ఎక్కును. ఖర్చులో ప్రభుత్వమునకు భాగమున్నది. ఏర్పాట్లలో రెవెన్యూ ఉద్యోగులకు పని ఉన్నది. రాజవంశీయులు కాఛిన్ గుడికి నడచుటయు, కుమ్డాకోటులో క్రొత్త అన్నము తినుటయు మానలేదు. మాడియాలు రథమును దొంగిలించుటయు మానలేదు. దర్బారునాడు మాంఝీలు, చాల్కీలు తలపాగలతో వరుసగా కూర్చుందురు. పూర్వము రాజు కూర్చున్న చోట ఇప్పుడు ముఖ్యమంత్రియో మంత్రులో మోటారుకార్లు దిగి కూర్చుందురు. బాట, మంచినీరు, అడవిభూమి పట్టా, పాఠశాల మొదలగువానిని గూర్చి ఒక్కొక్కరే లేచి అడుగుదురు. మరునాడు కుటుంబజాత్రలో గ్రామదేవతలకు కానుకలిచ్చి సాగనంపుదురు. కడపట మావలీమాత డోలీ దంతెవాడకు మరలిపోవును.