పాన్‌గల్ యుద్ధం: రెండేళ్ల ముట్టడి, మహమ్మారి, గాలికి కొట్టుకుపోయిన ఒప్పందం.. అసలేం జరిగింది?

యుద్ధంలో ఆయుధం పట్టనివాళ్ల జోలికి వెళ్లకూడదు. ఈ మాట వినగానే గుర్తొచ్చేది 1949 నాటి జెనీవా ఒప్పందాలే. కానీ అంతకు దాదాపు 580 ఏళ్ల ముందే ఇలాంటి మాట ఒకటి కృష్ణా తీరంలో ఇచ్చిపుచ్చుకున్నారు. ఇచ్చింది బహమనీ సుల్తాను, విజయనగర రాజు. ఆ మాట ఏమైందో తెలియాలంటే వనపర్తి జిల్లాలోని పాన్‌గల్ కథలోకి వెళ్లాలి.

పాన్‌గల్ ఎక్కడుంది?

పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండే పాన్‌గల్, 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక వనపర్తి జిల్లాలో మండల కేంద్రం అయింది. పానగల్ అని కూడా రాస్తారు. ఊరి పక్క గుట్ట మీదే కోట. ఏడు వరుసల గోడలు, నడిమధ్యలో బాలా హిస్సార్ అనే ఎత్తైన దుర్గం ఉన్నట్లు బ్రిటిష్ కాలం నాటి ఇంపీరియల్ గెజిటీర్ చెబుతోంది. దక్షిణాన కృష్ణా నది. నది దాటితే గద్వాల, అలంపూర్ ప్రాంతం. అదే నడిగడ్డ.

నడిగడ్డ కోసం ఎందుకంత కొట్లాట?

కృష్ణా, తుంగభద్ర నదుల మధ్య ఉన్న నేల కాబట్టి నడిగడ్డ అన్నారు. చరిత్ర పుస్తకాల్లో దీన్నే రాయచూర్ దోఆబ్ అంటారు. అందులో పెద్ద భాగం ఇప్పుడు కర్ణాటకలో ఉంది. తూర్పు కొస మాత్రం జోగులాంబ గద్వాల జిల్లాలో ఉంది.

విజయనగరం 1336లో, బహమనీ రాజ్యం 1347లో పుట్టాయి. ఒకరి రాజధాని తుంగభద్ర ఒడ్డున, ఇంకొకరిది గుల్బర్గాలో. రెండు రాజ్యాలకూ మధ్యలో ఉన్నది ఈ నేలే. మంచి నల్లరేగడి భూములు, రాయచూర్, ముద్గల్ లాంటి కోటలు, నది దాటే రేవులు ఇక్కడే ఉన్నాయి. ఈ నేల ఎవరి చేతిలో ఉంటే అవతలివాడి ఇంటి గుమ్మం ముందు వాళ్ల సైన్యం ఉన్నట్టే. అందుకే రెండు వందల ఏళ్లకు పైగా ఇక్కడ యుద్ధాలు ఆగలేదు. కృష్ణకు ఉత్తరాన ఉన్న పాన్‌గల్ కూడా ఈ లెక్కలోనే కీలకమైంది.

ఆ పాత ఒప్పందం ఏంటి?

1366, 1367 ప్రాంతంలో మొదటి మహమ్మద్ షా బహమనీకి, మొదటి బుక్కరాయలకు భీకర యుద్ధం జరిగింది. బీజాపూర్ ఆస్థానంలో ఉండి 17వ శతాబ్దం మొదట్లో చరిత్ర రాసిన ఫెరిష్తా ఈ కథ చెప్పాడు. ఆయన కథనం ప్రకారం ముద్గల్ కోటలోని బహమనీ సైనికులను విజయనగర సైన్యం చంపేసింది. దాంతో లక్ష మందిని చంపుతానని సుల్తాను ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్ల మీద పడ్డాడు. ఆడవాళ్లు, పిల్లలు అని కూడా చూడలేదు.

చివరికి రాయబారులు నడుం బిగించారు. యుద్ధంలో చిక్కినవాళ్లను చంపకూడదు, ఆయుధం లేని జనం జోలికి పోకూడదు అని రెండు వైపులా మాట ఇచ్చుకున్నారు. తర్వాత దక్కన్‌లో ఇదే ఆనవాయితీ అయిందని ఫెరిష్తా రాశాడు. అయితే అది ఎంత బలహీనమైందో ఆయన రాసిన తర్వాతి పేజీలే చెబుతాయి.

పెళ్లితో సంధి.. వీడ్కోలు దగ్గర అలక

1407 నాటికి గద్దెల మీద ఉన్నది ఫిరోజ్ షా బహమనీ, మొదటి దేవరాయలు. యుద్ధంలో పైచేయి సాధించిన ఫిరోజ్‌కు దేవరాయలు తన కూతురినిచ్చి పెళ్లి చేశాడు. బంకాపూర్ కోటను కట్నంగా రాసిచ్చాడు. విజయనగరంలో పెళ్లి ఘనంగా జరిగింది. కానీ సుల్తాను తిరిగి వెళ్లేటప్పుడు దేవరాయలు శిబిరం దాకా రాకుండా మధ్యలోనే వెనక్కి మళ్లాడట. అది ఫిరోజ్‌కు అవమానంగా తోచింది. చుట్టరికం కలిసింది కానీ మనసులు కలవలేదు.

పాన్‌గల్ ముట్టడిలో ఏం జరిగింది?

1417 ప్రాంతంలో ఫిరోజ్ షా పాన్‌గల్ కోటను చుట్టుముట్టాడు. రెండేళ్లు గడిచినా కోట లొంగలేదు. అంతలో శత్రువు కన్నా పెద్ద శత్రువు శిబిరంలోకే వచ్చింది. సైన్యంలో అంటువ్యాధి ప్రబలింది. మనుషులు, గుర్రాలు వరుసగా కూలిపోయారు. చాలామంది సర్దార్లు తమ మనుషులను తీసుకుని సొంత జాగీర్లకు జారుకున్నారు.

వేల మంది, వేల జంతువులు నెలల తరబడి ఒకేచోట గుడారాలు వేసుకుంటే నీళ్లు పాడవుతాయి. తిండికి కటకట మొదలవుతుంది. చుట్టుపక్కల ఊళ్ల గాదెలు ఖాళీ అవుతాయి. అప్పట్లో ముట్టడి అంటే కోట లోపలివాళ్లకే కాదు, బయటివాళ్లకూ గండమే.

మిత్రులు మారారు.. సీన్ మారింది

ఈ సమయం కోసమే చూస్తున్న దేవరాయలు పెద్ద సైన్యంతో కదిలాడు. చుట్టుపక్కల రాజుల సాయం కూడా తీసుకున్నాడు. అందులో తెలంగాణ రాజు కూడా ఉన్నాడని ఫెరిష్తా చెప్పాడు.

ఇక్కడే అసలు మలుపు. అప్పటి దాకా తెలంగాణను ఏలే రేచర్ల వెలమ రాజులు బహమనీల పక్షం. కొండవీటి రెడ్డి రాజు పెదకోమటి వేమారెడ్డి వారికి బద్ధ శత్రువు. ఆ పెదకోమటి వేముడితోనే ఫిరోజ్ షా చేతులు కలిపాడు. దాంతో వెలమలు విజయనగరం వైపు తిరిగారు. రాజమహేంద్రవరం రెడ్డి రాజులు అప్పటికే విజయనగరం పక్షాన ఉన్నారు. అంటే ఇది మతాల మధ్య యుద్ధం అని ఒక్క ముక్కలో తేల్చేస్తే కుదరదు. రెండు శిబిరాల్లోనూ తెలుగు రాజులున్నారు. ఎవరి లెక్కలు వాళ్లవి.

వద్దని సేనానులు వారించినా ఫిరోజ్ యుద్ధానికే దిగాడు. ఆయన ముఖ్య సేనాని మీర్ ఫజలుల్లాను, సొంత పరివారంలోని ఒక కన్నడ సేవకుడే చంపేశాడు. దేవరాయల మనుషులు అతనికి పదవి ఆశ చూపారని కథనం. సుల్తాను అతి కష్టం మీద ప్రాణాలతో బయటపడ్డాడు. 1420 నాటికి యుద్ధం తేలిపోయింది.

ఈ పాన్‌గల్ నల్గొండ పక్కనున్న పానగల్లే అనేవాళ్లు కూడా చరిత్రకారుల్లో ఉన్నారు. వనపర్తి వైపున్న కోట దగ్గరే విజయనగర, ఓరుగల్లు సేనలు కలిసి ఫిరోజ్‌ను ఓడించాయని గెజిటీర్ నమోదు చేసింది.

గెలిచినవాళ్లు ఏం చేశారు?

ఇచ్చిన మాట ఇక్కడే తప్పింది. ఫెరిష్తా ప్రకారం ఓడిన సైనికులను విజయనగర సేనలు ఊచకోత కోశాయి. రణరంగంలో తలలతో తిన్నె కట్టాయి. అంతటితో ఆగకుండా బహమనీ రాజ్యంలోకి చొరబడి ఊళ్లు తగలబెట్టాయి. మసీదులు కూల్చాయి. జనాన్ని చంపాయి. సాయం చేయమని ఫిరోజ్ గుజరాత్ సుల్తానును వేడుకున్నా ఫలితం లేదు. ఆ దిగులుతో మంచం పట్టిన ఫిరోజ్ 1422లో తమ్ముడు అహ్మద్ షాకు గద్దె అప్పగించి, అదే ఏడాది చనిపోయాడు. మొదటి దేవరాయలు కన్నుమూసింది కూడా 1422లోనే.

ప్రతీకారంలో బలైంది ఎవరు?

1423లో అహ్మద్ షా పగ తీర్చుకోవడానికి బయలుదేరాడు. కోటల మీదికి పోకుండా పల్లెల మీద పడ్డాడు. ఆడ, మగ, పిల్లలు అన్న తేడా లేకుండా చంపించాడు. చచ్చినవాళ్ల లెక్క 20 వేలకు చేరినప్పుడల్లా మూడు రోజులు ఆగి విందు చేసుకున్నాడని ఫెరిష్తా రాశాడు. మహమ్మద్ షా కాలంలో చేసుకున్న ఒప్పందానికి ఇది విరుద్ధమని కూడా ఆయనే స్పష్టంగా చెప్పాడు. రెండు శతాబ్దాల తర్వాత రాసిన ఆస్థాన చరిత్రకారుడి అంకెలను యథాతథంగా తీసుకోలేం. కానీ మాట తప్పిందని సుల్తానుల పక్షం రచయితే ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

ఆ వెంటనే దక్కన్‌ను కరువు పట్టింది. వానల్లేవు. పశువులు చచ్చిపోయాయి. పేదల కోసం అహ్మద్ షా ధాన్యం కొట్లు తెరిపించాల్సి వచ్చింది. 1425లో ఆయన సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. అంటే పాన్‌గల్‌లో పక్షం మార్చిన మిత్రులూ చివరికి మూల్యం చెల్లించారు.

ఒప్పందం ఎందుకు నిలబడలేదు?

కారణం సింపుల్. మాట తప్పితే అడిగేవాడు లేడు. హామీ ఇచ్చింది ఇద్దరు రాజులు. వాళ్లు పోయాక వారసులకు అది పాత కథ. పైగా గెలిచిన ప్రతిసారీ గత అవమానం గుర్తొచ్చింది. మొదట ముద్గల్ పేరు చెప్పి, తర్వాత పాన్‌గల్ పేరు చెప్పి ఊళ్లు తగలబెట్టారు. ఆ రెండు యుద్ధాలతోనూ సంబంధం లేని రైతే రెండుసార్లూ నష్టపోయాడు.

ఇప్పుడు పరిస్థితి ఏంటి?

1949 ఆగస్టు 12న కుదిరిన నాలుగు జెనీవా ఒప్పందాల్లో నాలుగోది సామాన్య పౌరుల రక్షణ కోసమే. జనాన్ని ఆకలితో మాడ్చడాన్ని యుద్ధ ఆయుధంగా వాడకూడదని 1977 నాటి అదనపు ప్రోటోకాల్ చెబుతోంది. మన దేశం జెనీవా ఒప్పందాలను 1950లో ఆమోదించింది. వాటి అమలుకు 1960లో పార్లమెంటు చట్టం కూడా చేసింది. ఒప్పందాన్ని వారసులు మర్చిపోకుండా చట్టంగా రాసుకోవడం పాన్‌గల్ కాలంలో లేని ఏర్పాటు. అయితే ముట్టడిలో చిక్కుకున్న ఏ నగరం వార్త చూసినా పాత ప్రశ్నే మళ్లీ ఎదురవుతుంది. మాట తప్పినవాడిని ఆపేది ఎవరు?

పాన్‌గల్ ఆ తర్వాత

కోటకు యుద్ధాలు అక్కడితో ఆగలేదు. 1513లో గోల్కొండ సుల్తాన్ కులీ ఇక్కడే విజయనగర సైన్యాన్ని ఓడించాడు. వెనక్కి తగ్గిన సైన్యం కోటలో తలదాచుకుని, రెండు నెలల ముట్టడి తర్వాత లొంగిపోయింది. 1786 నుంచి 1789 వరకు నిజాం అలీ ఖాన్ ఈ కోటలో బస చేసినట్లు గెజిటీర్ చెబుతోంది.