కార్డు మనది, క్లబ్బు కంపెనీది

చలికాలం వచ్చిందంటే మన ఇచ్ఛాపురం హైవే మీద ఒరిస్సా వైపు పెద్ద పెద్ద మోటారు సైకిళ్లు గుంపులుగా పోతుంటాయి. పురుషోత్తపురం చెక్‌పోస్టు దాటి టీకి ఆగితే కొందరి తోలు కోట్ల మీద గద్ద బొమ్మ కనిపిస్తుంది. "ఆ బొమ్మ ఏటి బాబాయ్?" అని కుర్రాళ్లు అడుగుతుంటారు. అది హార్లే ఓనర్స్ గ్రూప్ అనే క్లబ్బు గుర్తు. ఇంగ్లీషులో మొదటి అక్షరాలు కలిపితే హాగ్, అంటే పంది. తిట్టు కాదండోయ్. వంద ఏళ్ల కిందట ఆ కంపెనీ రేసు జట్టు గెలిచినప్పుడల్లా ఒక పందిపిల్లను బండి మీద తిప్పేవారు, ఆ పేరు అలా అంటుకుంది. ఈ క్లబ్బు చరిత్రలో మన మామిడిపండు కూడా ఉంది. పోస్టు కొంచెం పెద్దది, తీరిక చేసుకుని చదవండి.

హార్లే-డేవిడ్సన్ 1903లో అమెరికాలోని మిల్వాకీ ఊళ్లో మొదలైంది. 1969లో ఏఎంఎఫ్ అనే వేరే కంపెనీ దాన్ని కొనేసింది. బళ్ల నాణ్యత పడిపోయింది, ఇంజన్లు నూనె కారేవి. అప్పుడే జపాను బళ్లు చవగ్గా, గట్టిగా వచ్చి పడ్డాయి. 1981లో పదమూడు మంది అధికారులు అప్పులు తెచ్చి కంపెనీని తిరిగి కొనుక్కున్నారు. 1983లో రీగన్ ప్రభుత్వం పెద్ద విదేశీ మోటారు సైకిళ్ల మీద సుంకాన్ని 4.4 శాతం నుంచి 49.4 శాతానికి పెంచి వాళ్లను కాపాడింది. మన పంటకి గిట్టుబాటు ధర అడిగితే మార్కెట్‌కి వదిలేయమని పాఠం చెప్పే దేశమే అది, గుర్తు పెట్టుకోండి.

అదే 1983లో ఈ క్లబ్బు పెట్టారు. నూనె కారే బండిని కూడా అమ్ముకోకుండా, తుడుచుకుంటూ నడిపినవాళ్లే ఆ కంపెనీకి మిగిలిన ఆస్తి. వాళ్లని ఒక తాటి మీదికి తెచ్చారు. కొత్త బండి కొంటే మొదటి ఏడాది సభ్యత్వం ఉచితం, ఆ తర్వాత డబ్బు కట్టాలి. తర్వాత్తర్వాత ప్రపంచమంతా సభ్యులు పది లక్షలు దాటారు. కంపెనీ ఎంతగా లేచి నిలబడిందంటే, 1987లో ఆ సుంకం ఇంక మాకు అక్కర్లేదని తనే చెప్పింది.

కానీ ఆ క్లబ్బు కట్టుబాటు ఒకటి చూడండి. ఏ ఊళ్లో శాఖ ఉండాలన్నా దానికి ఆ ఊరి డీలరు అండగా ఉండాలి. డీలరు ఉంటేనే శాఖ. సభ్యుడికి కంపెనీలో వాటా లేదు, ఓటు లేదు. మన సహకార సంఘాలు 1904 చట్టంతో పుట్టాయి. అప్పు ఇచ్చేటప్పుడే వాటాధనం కోసుకుంటారు, నిజమే. కానీ ఆ వాటా మీద ఒక ఓటు ఉంది, మహాజన సభలో లేచి లెక్క అడిగే హక్కు ఉంది. అడిగితే జవాబు వస్తుందా అన్నది ఇంకో పోస్టు.

ఇప్పుడు మామిడి సంగతి. పురుగుల సాకుతో అమెరికా పద్దెనిమిదేళ్లు మన మామిడిని రానివ్వలేదు. 2007లో ఒప్పందం కుదిరింది: హార్లే బళ్లు మన దేశంలోకి రావడానికి ఇక్కడి పొగ నిబంధనలు సడలించాలి, మన మామిడి అక్కడికి పోవాలి. నాసిక్ దగ్గర లాసల్‌గావ్‌లో కిరణాలు పట్టించి మొదటి పెట్టెలు పంపారు. పండు ఇచ్చి బండి తెచ్చుకున్నామన్నమాట.

2010లో అమ్మకాలు మొదలయ్యాయి. మొదటి షోరూముల్లో హైదరాబాదుది ఒకటి, ఆ షోరూం పేరు మీదే బంజారా చాప్టర్ అని క్లబ్బు శాఖ నడిచింది. 2011లో హర్యానాలోని బావల్‌లో బిగింపు ఫ్యాక్టరీ పెట్టారు. 2014లో స్ట్రీట్ 750 అనే బండి నాలుగు లక్షల చిల్లరకి తెచ్చారు. మన తెలుగు కుర్రాళ్లు, డాక్టర్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లు, వ్యాపారస్తులు కొన్నారు, గోవా ర్యాలీలకి వెళ్లారు, కొందరు గద్ద బొమ్మ ఒంటి మీద పచ్చ కూడా పొడిపించుకున్నారు. కంపెనీకి వాళ్లు పైసా జీతం లేకుండా ప్రచారం చేసి పెట్టారు.

2020 సెప్టెంబరు 24న, కరోనా కాలంలో, ఇండియాలో ఫ్యాక్టరీ మూసి అమ్మకాలు ఆపేస్తున్నామని ప్రకటించారు. డీలర్లకే ముందుగా చెప్పలేదని వాళ్ల దేశవ్యాప్త సంఘం బయటకొచ్చి మొత్తుకుంది. 35 మంది డీలర్లకి 130 కోట్ల దాకా నష్టం, 2,000 ఉద్యోగాలు పోతాయని లెక్క కట్టింది. డీలర్ల గతే అదైతే సభ్యుడిని ఎవరు అడుగుతారు? డీలరు దుకాణం ఎత్తేస్తే ఆ ఊరి శాఖకి దిక్కుండదు. బండి మటుకు ఇంట్లోనే ఉంటుంది. విడి భాగం దొరుకుతుందో లేదో, అమ్ముదామంటే కొనేవాడెవడో. నష్టం వస్తే కంపెనీ వెళ్లిపోవచ్చు, అది వ్యాపారం, దాన్ని నేను తప్పు పట్టను. కానీ కుటుంబం, సోదర బంధం అని పదేళ్లు చెప్పిన నోరు, కుటుంబంలో వాళ్లకి ఒక మాట ముందు చెప్పి ఉండాల్సింది.

నెల దాటిన కొద్ది రోజులకే, అక్టోబరు 27న హీరో కంపెనీతో ఒప్పందం బయటపెట్టారు. అమ్మకం, సర్వీసు, విడి భాగాలు హీరో చూసుకుంటుందని చెప్పారు. 2023లో ఎక్స్440 అనే బండి 2 లక్షల 29 వేల నుంచి వచ్చింది. స్ట్రీట్ 750 మటుకు మళ్లీ రాలేదు.

దీని పక్కన ఎజ్డీ సంగతి పెట్టి చూడండి. మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. కంపెనీ లేదు, డీలరు లేడు, కార్డు అంతకంటే లేదు. అయినా ఆ బళ్లున్నవాళ్లు సొంతంగా సంఘాలు కట్టుకున్నారు. పాత సామాను ఏరి, మెకానిక్కుల చేత చేయించి, జులై రెండో ఆదివారం ఏటా కలుస్తున్నారు, హైదరాబాదులో కూడా. ఇరవై రెండేళ్ల తర్వాత, 2018లో మహీంద్రా డబ్బు పెట్టిన క్లాసిక్ లెజెండ్స్ వాళ్లు జావా పేరు మళ్లీ మార్కెట్‌కి తెచ్చారు, 2022లో ఎజ్డీ పేరు కూడా. అప్పటికి ఆ పేర్లకి విలువ మిగిలి ఉందంటే, దాన్ని మిగిల్చింది ఆ పాత బళ్లవాళ్లే.