రెండోసారి ఛాతీ కోయకుండా...

బైపాస్ అయిన గుండెలో లీకయ్యే కవాటానికి క్లిప్పు వేసే చికిత్స ఎలా పుట్టింది? మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానానికి అది ఎందుకు కావాలి?

1991. ఇటలీలో ఒక ఆపరేషన్ థియేటర్. బల్ల మీదున్న రోగికి గుండె పై గదుల మధ్య గోడలో పుట్టుకతోనే రంధ్రం. దాన్ని పూడ్చడానికి గుండె తెరిచారు సర్జన్ ఒట్టావియో ఆల్ఫియేరి. ఆ రంధ్రంలోంచి చూస్తే మైట్రల్ కవాటం కనిపించింది. ఎడమ పక్కన పై గదికీ కింది గదికీ మధ్య ఉండే కవాటమది. దానికి రెండు రెక్కలు, ఒకటే దారి ఉండాలి. ఈ రోగికి మాత్రం దారులు రెండున్నాయి! అయినా నెత్తురు వెనక్కి తన్నడం లేదు.

కొన్ని వారాలకు మరో రోగి వచ్చారు. కవాటం రెక్క జారిపోయి నెత్తురు వెనక్కి వస్తోంది. ఆల్ఫియేరికి ముందు చూసిన గుండె గుర్తొచ్చింది. అక్కడ ప్రకృతి చేసిన పనే ఇక్కడ తాను సూదీ దారంతో చేశారు. రెక్కల అంచులు రెండింటినీ నడిమధ్య కలిపి కుట్టేశారు. రెండు రెక్కల తలుపును నడుమ కట్టేసి అటూ ఇటూ సందు వదిలినట్టన్నమాట. లీకు ఆగింది.

కానీ ఆ ఒక్క కుట్టు కోసం ఛాతీ కోయాలి, గుండెను ఆపాలి. ఆ రెండూ లేకుండా కుదరదా అన్న ప్రశ్న కాలిఫోర్నియాలో కార్డియాలజిస్టు ఫ్రెడరిక్ సెయింట్ గోర్‌ను పట్టుకుంది. దారానికి బదులు క్లిప్పు, కత్తికి బదులు తొడ సిరలోంచి పంపే గొట్టం. ఆ ఆలోచనతో 1999లో ఎవాల్వ్ కంపెనీ పుట్టింది. ముందు పందుల గుండెల మీద ప్రయోగాలు చేశారు. 2003లో వెనిజులాలో హోసే కొండాడో బృందం తొలిసారి మనిషి గుండెలో, అదీ కొట్టుకుంటున్న గుండెలో, ఆ క్లిప్పు వేసింది. 2009లో ‘క్లియోపాత్రా’ తార ఎలిజబెత్ టేలర్ కూడా క్లిప్పు చికిత్సే చేయించుకున్నారు.

శ్రీకాకుళం, 2007

ఇక ఉద్దానం సంగతి. ఇక్కడ కథ బైపాస్‌తో మొదలవుతుంది. మన దేశంలో తొలి బైపాస్‌ను 1975లో మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె.ఎం. చెరియన్ చేశారు. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు అది డబ్బున్నవాళ్ల ఆపరేషనే. 2007 ఏప్రిల్ 1న పేదల వైద్యానికి ప్రభుత్వం పెట్టిన ఆరోగ్యశ్రీ పథకం మూడు జిల్లాల్లో మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురంతో పాటు మూడోది మన శ్రీకాకుళమే. బారువలో కొబ్బరికాయలు దింపే మనిషికీ, పలాసలో జీడిపిక్కలు ఒలిచే ఆడమనిషికీ అలా బైపాస్ అందుబాటులోకి వచ్చింది.

ఆనాడు బతికి బయటపడ్డవాళ్లకు ఇప్పుడు వయసు మీద పడింది. బైపాస్ అయినవాళ్లలో కొందరికి కాలక్రమంలో కొత్త బాధ మొదలవుతుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం, వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు, కాళ్లకు నీరు. “ఆపరేసనయిపోనాది గదా బావూ, మరింకా ఈ ఆయాసమేటి?” అనేది మా వైపు పెద్దవాళ్లు అడిగే మాట.

బైపాస్ రక్తానికి కొత్త దారి వేస్తుంది. గుండెపోటుకు చచ్చిపోయిన కండను మాత్రం తిరిగి బతికించలేదు. ఆ కండ సాగి, ఎడమ కింది గది ఉబ్బుతుంది. కవాటం రెక్కల్ని పట్టి ఉంచే తాళ్లు పక్కకు లాగేస్తాయి. రెక్కలు బాగానే ఉన్నా ఒకదాన్నొకటి అందుకోలేవు. ముందుకు పోవాల్సిన నెత్తురు వెనక్కి మళ్లి ఊపిరితిత్తుల మీద భారం వేస్తుంది.

మళ్లీ ఛాతీ తెరవడం తేలిక కాదు. మొదటి ఆపరేషన్ తర్వాత గుండె చుట్టూ కణజాలం అతుక్కుపోతుంది. గుండెకు ప్రాణం పోస్తున్న బైపాస్ నాళం ఒక్కోసారి రొమ్ముటెముకకు ఆనుకునే ఉంటుంది. రంపం ఒక్క పిసరు పక్కకు పోయినా ప్రమాదమే.

కొట్టుకునే గుండెలో

ఇలాంటి రోగికి క్యాథ్ ల్యాబ్‌లో మత్తిస్తారు. అన్నవాహికలోకి దించిన ఎకో గొట్టమే డాక్టర్లకు కళ్లు. తొడ సిరలోంచి సుమారు 8 మిల్లీమీటర్ల గొట్టం గుండె కుడి పై గదికి చేరుతుంది. పై గదుల మధ్య గోడను సూదితో సరిగ్గా అనుకున్న చోటే పొడవాలి. అక్కడ తేడా వస్తే క్లిప్పు కవాటానికి సూటిగా దిగదు. ఎడమ పై గదిలోకి వెళ్లాక క్లిప్పు చేతులు చాపుతుంది. కవాటం దాటి కిందికి దిగి, వెనక్కి లాగినప్పుడు రెండు రెక్కలూ ఆ చేతుల్లో పడాలి. పడ్డాయా లేదా అని గదిలో అందరూ ఎకో తెర వైపే చూస్తారు. క్లిప్పు మూస్తారు. లీకు తగ్గిందా? దారి మరీ ఇరుకైందా? నచ్చకపోతే తెరిచి మళ్లీ పట్టుకోవచ్చు. తృప్తి కలిగాకే వదిలేస్తారు.

రెండు తీర్పులు

దీనివల్ల ప్రాణాలు నిలుస్తాయా అన్నదానికి 2018లో రెండు పరిశోధనలు రెండు జవాబులు చెప్పాయి. ఫ్రాన్స్‌లో 304 మందిపై జరిగిన మైట్రా-ఎఫ్ఆర్‌లో మందులతో పోలిస్తే క్లిప్పుతో ఏడాదికి అదనపు మేలు కనిపించలేదు. నెల తిరక్కుండా అమెరికా, కెనడాల్లో 614 మందిపై జరిగిన కోయాప్ట్ ఫలితాలొచ్చాయి. వీళ్లలో ప్రతి పదిమందిలో నలుగురు అప్పటికే బైపాస్ అయినవాళ్లు. రెండేళ్లలో మందులు మాత్రమే వాడినవాళ్లలో మరణాలు 46.1 శాతం, క్లిప్పు కూడా వేసినవాళ్లలో 29.1 శాతం. గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలవడం దాదాపు సగానికి తగ్గింది.

ఈ తేడా రోగుల ఎంపికలో ఉందంటారు నిపుణులు. కోయాప్ట్‌లో ముందు మందులన్నీ పూర్తి మోతాదుకు తెచ్చి, అప్పటికీ లీకు తీవ్రంగా ఉన్నవాళ్లనే తీసుకున్నారు. గుండె మరీ ఉబ్బిపోయాక క్లిప్పు వేసినా ఫలితం తక్కువ. కీళ్లవాత జ్వరంతో మందమై బిగుసుకున్న కవాటానికీ ఇది సాధారణంగా కుదరదు. అంటే సరైన మనిషికి సరైన వేళ వేసినప్పుడే క్లిప్పు వల్ల మేలు.

కిడ్నీల నేలలో

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా ఉద్దానానికి ఇందులో ఇంకో మాట ఉంది. యాంజియోగ్రామ్‌కు వాడే అయోడిన్ రంగుమందు దెబ్బతిన్న కిడ్నీల మీద భారం వేస్తుంది. ఈ క్లిప్పు చికిత్స ప్రధానంగా ఎకో చూపుతోనే సాగుతుంది కాబట్టి ఆ రంగుమందు అవసరం చాలా తక్కువ. కిడ్నీ జబ్బున్నంత మాత్రాన తలుపు మూసుకుపోయినట్టు కాదు. పైగా మా ఊళ్లలో ఆయాసం అనగానే కిడ్నీ నీరేననుకుంటాం. డయాలసిస్‌తో నీరు తీశాక కూడా ఆయాసం తగ్గకపోతే కవాటాన్నీ చూడాలి. లీకు తీవ్రతను కొలవాల్సింది కూడా ఒంట్లో అదనపు నీరు తీశాకే.

పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌కు వచ్చేవాళ్లలో బైపాస్ అయినవారిని గుర్తించి, క్రమం తప్పకుండా ఎకో తీసే ఏర్పాటు అక్కడ ఉండాలి. క్లిప్పు చికిత్స హైదరాబాద్, చెన్నై లాంటి నగరాల్లోని పెద్దాసుపత్రుల్లో జరుగుతోంది, ఖర్చు లక్షల్లో ఉంది. 2007లో బైపాస్‌ను పేదవాడి గడప దాకా తెచ్చిన ప్రభుత్వ బాధ్యత ఆ మనిషి కవాటం దగ్గర ఆగిపోకూడదు. మళ్లీ కోయలేమన్న మాట విని ఇంటికొచ్చేసిన పెద్దలు మీ ఇంట్లో ఉంటే, పాత కాగితాలు పట్టుకుని ఇంకోసారి కార్డియాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. కవాటం లీకు ఎంతుంది, మందులు పూర్తి మోతాదులో ఉన్నాయా, క్లిప్పు కుదురుతుందా? ఈ మూడూ అడగండి. గుండె మరీ ఉబ్బిపోకముందే అడగండి.