ధర్మవరం అట్టలు, వేమన పేరున్న అక్షరాలు

ధర్మవరంలో పట్టుమగ్గం ఉన్న ఇంట్లోకి అడుగుపెడితే ముందుగా కన్ను మగ్గం నెత్తిమీదికే పోతుంది. చిల్లులు పొడిచిన అట్టలు ఒకదానికొకటి కుట్టి దండలా వేలాడుతుంటాయి. కాలికింది చెక్క తొక్కినప్పుడల్లా ఒక అట్ట తిరిగి వచ్చి సూదుల వరుసకు ఆనుతుంది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట కిందే ఉంటుంది. అలా వందల అట్టలు తిరిగితే కొంగులో ఒక హంస తేలుతుంది.

1804లో ఫ్రాన్సులోని లియోన్ పట్టణంలో జోసెఫ్ మరీ జకార్డ్ ఈ పరికరానికి రూపమిచ్చాడు. ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి హుకుములు ఇచ్చే పద్ధతిని ఈ అట్టల నుంచే తీసుకున్నాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలను హెర్మన్ హోలెరిత్ చిల్లుల కార్డుల మీదే తేల్చాడు. కంప్యూటర్ చరిత్రను ఎక్కడో సిలికాన్ వ్యాలీలో మొదలుపెట్టి చెప్పడం అలవాటైపోయింది గాని, దాన్ని ధర్మవరం వీధిలో నిలబడి చెప్పినా తప్పులేదు.

ఓపెన్ సోర్స్ అంటే ఏమిటో కూడా ఇక్కడే తేలిగ్గా అర్థమవుతుంది. అంగట్లో చీర కొన్నవాళ్లకు చీర వస్తుంది, అట్టలు రావు. కట్టుకోవచ్చు, అంచు మార్చి నేయించుకోలేరు. మామూలుగా డబ్బిచ్చి కొనే సాఫ్ట్‌వేర్ అలాంటిది. ఓపెన్ సోర్స్‌లో చీరతోపాటు అట్టల కట్ట కూడా చేతికిస్తారు. నచ్చినట్టు మార్చుకోవచ్చు, నలుగురికీ పంచవచ్చు. ఈ హక్కు కోసమే 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ రాసిన, కంప్యూటర్‌ను నడిపే లినక్స్ దానికి తోడైంది.

అయితే అట్టలు చేతికొచ్చినంత మాత్రాన నేత రాదు. అనంతపురం జిల్లాలో ఒక ఇంటికి కొత్తగా కంప్యూటర్ వస్తే, దాని ముందు కూర్చున్న మనిషికి మొదటి అడ్డంకి అక్షరమే. 1990ల్లో డీటీపీ సెంటర్లలో పెళ్లిపత్రికలు, కరపత్రాలు తెలుగులోనే వచ్చేవి. కాని ఒక్కో ఫాంటుది ఒక్కో లెక్క. హిందూపురంలో టైపు చేసిన ఫైలును అదే ఫాంటు లేని మరో ఊరి కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపించేవి. 1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 గడులు కేటాయించి, ప్రతి అక్షరానికీ ప్రపంచమంతటా చెల్లే ఒకే సంఖ్య ఇచ్చింది. అయినా ఆ సంఖ్యను తెరమీద అక్షరంగా చూపాలంటే ఫాంటు కావాలి, గుణింతాన్నీ ఒత్తునూ తగిన చోట కూర్చే యంత్రాంగం కావాలి. విండోస్‌కు 2001లో ఎక్స్‌పీతో ‘గౌతమి’ ఫాంటు వచ్చింది. లినక్స్ వాడేవాళ్ల కోసం ఆ పని ఎవరు చేశారు?

ఇష్టంకొద్దీ చేసినవాళ్లే ఎక్కువ. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన2000, వేమన2000 అనే రెండు ఫాంట్లు రూపొందించి, ఎవరైనా వాడుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో విడిచిపెట్టారు. రెడ్ హ్యాట్ సంస్థ ‘లోహిత్ తెలుగు’ ఇచ్చింది. వేమన2000కు పేరిచ్చిన కవి వేమన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉంది. 1829లో బ్రౌన్ దొర వేమన పద్యాలను అచ్చులోకి తెచ్చాడు. దాదాపు నూట డెబ్భై ఏళ్ల తర్వాత ఆ కవి పేరే ఒక అక్షరాల పెట్టె మీదికెక్కి, దమ్మిడీ ఖర్చు లేకుండా డెబియన్ లాంటి లినక్స్ వ్యవస్థల్లో ప్రపంచమంతా తిరుగుతోంది. ఆ పేరు పెట్టినందుకు దేశికాచార్యులకు ఈ సీమ రుణపడి ఉంది.

2004 అక్టోబరులో ఉబుంటు అనే లినక్స్ వ్యవస్థ వచ్చింది. ఇంటి అడ్రసు రాసి పంపితే పైసా తీసుకోకుండా సీడీలు పోస్టులో వచ్చేవి. ఇంటర్నెట్ నత్తనడక నడిచే ఊళ్లకు 2011 దాకా అదే దారి. 2005లో హైదరాబాదు స్వచ్ఛంద కార్యకర్తలు ‘స్వేచ్ఛ’ పేరుతో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్ విడుదల చేశారు. 2007లో సీడాక్ సంస్థ భారతీయ భాషల కోసం ‘బాస్’ అనే లినక్స్ వ్యవస్థ తెచ్చింది.

ఈ వ్యవస్థల మెనూలను తెలుగులోకి తెచ్చే అనువాదకుల పని వీటన్నిటికన్నా ఓపికతో కూడుకున్నది. వేలకొద్దీ చిన్నచిన్న మాటలు, ఒక్కోదానికీ తెలుగు వెతకాలి. పాస్‌వర్డ్‌ను ‘సంకేతపదం’ అన్నారు, ఫైలును ‘దస్త్రం’ అన్నారు. ఆ రెండోది ఎంత మంచి ఎంపిక! తాలూకా కచేరీల్లో తరతరాలు నలిగిన మాట అది. కొత్తగా పుట్టించిన సంస్కృత సమాసం కన్నా రైతు చెవికి వెంటనే అందుతుంది. ఈ అనువాదం ఇంకా పూర్తి కాలేదు. నేటికీ కొన్ని మెనూలు తెలుగులో మొదలై మధ్యలో ఇంగ్లిషులోకి జారిపోతాయి.

2010ల్లో సిలికానాంధ్ర చొరవతో మరో విడత ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో వచ్చాయి. పేర్లు చదివితే విజయనగర కొలువు కళ్లముందు నిలుస్తుంది: శ్రీకృష్ణదేవరాయ, పెద్దన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. 1565లో రాక్షసి తంగడి యుద్ధం తర్వాత హంపీ పాడుబడితే, తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు తరలించాడు. ఆ కొండ కింద ఉన్న ఇంట్లో ఒక పిల్లవాడు పాఠశాల ప్రాజెక్టుకు శీర్షిక పెట్టడానికి ‘శ్రీకృష్ణదేవరాయ’ను ఎంచుకోవచ్చు. డెబియన్‌లో ఆ ఫాంట్ల మూట ఒకే ప్యాకేజీగా దొరుకుతుంది, దాని పేరులోనే ‘తెలుగువిజయం’ ఉంది.

ఇంతకీ కొత్తవాళ్లకు ఏ వ్యవస్థ మేలు? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ముగిసింది. విండోస్ 11 అడిగే టీపీఎం చిప్ పాత కంప్యూటర్లు చాలావాటిలో లేదు. అలాంటి యంత్రానికి 2006లో పుట్టిన లినక్స్ మింట్ సరిపోతుంది. 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు దానికి కనీస అవసరం. 4 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. కింద పట్టీ, మూలలో మెనూ, విండోస్ అలవాటున్న చేతికి తడబాటుండదు. పెన్‌డ్రైవ్ నుంచే నడిపి చూసి, ప్రింటరు, వైఫై పనిచేస్తున్నాయో లేదో తేల్చుకున్నాకే డిస్కులో వేసుకోవచ్చు. ఫొటోలూ దస్త్రాలూ ముందుగా వేరేచోట దాచుకోవడం మాత్రం తప్పనిసరి.

టైపింగు దగ్గర ఈ వ్యవస్థల ఉదారత బాగా తెలుస్తుంది. ఎం17ఎన్ అనే ఉచిత మూటలో ప్రభుత్వం ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ ఉంది. ఇంగ్లిషు అక్షరాలతో తెలుగు రాసే ఆర్‌టీఎస్ ఉంది. డీటీపీ ఆపరేటర్ల వేళ్లకు అలవాటైన యాపిల్ కీబోర్డు అమరికా ఉంది. పాతికేళ్లు అదే అమరికలో పెళ్లిపత్రికలు కొట్టిన మనిషి మళ్లీ ఓనమాలు దిద్దుకోనక్కర్లేదు.

హిందూపురానికి ఇంకో అవసరముంది. బెంగళూరుకు వంద కిలోమీటర్ల దూరంలోని ఈ ఊళ్లో తెలుగు, కన్నడం ఒకే ఇంటి మాటలు. రెండు లిపులూ ఒకే తల్లి బిడ్డలు. పెనుకొండ రాతిశాసనాల్లో రెండు భాషలూ కనిపిస్తాయి. ఉబుంటులో కీబోర్డు జాబితాకు రెండూ చేర్చుకుంటే చాలు. కిటికీ గుర్తున్న మీటను పట్టి స్పేస్‌బార్ నొక్కితే, హిందూపురం అవ్వ తుమకూరు కూతురికి రాస్తున్న ఉత్తరంలో టైపింగు తెలుగులోంచి కన్నడంలోకి మారుతుంది. ఇంకోసారి నొక్కితే తిరిగి తెలుగులోకి వస్తుంది.