పాత పికప్ చట్రంపై మరో క్యాబ్

పికప్ వాహనాలలో సాధారణంగా క్యాబ్, చట్రం వేర్వేరు భాగాలు. కనుక తుప్పుపట్టిన క్యాబ్‌ను తీసి, అదే మోడల్‌ది మరొకటి బిగించవచ్చును. బ్యాటరీ, స్టీరింగు, క్లచ్, బ్రేకు గొట్టాలు, వైరింగు విడదీసి క్యాబ్‌ను పైకెత్తాలి. అప్పుడు చట్రంపై క్యాబ్ ఆనుకునే చోట్లను సుత్తితో తట్టి చూడాలి; అక్కడి తుప్పు తరువాత కంటబడదు. పాత రబ్బరు దిమ్మెలనే వాడటం పొదుపు కాదు. బోల్టులన్నీ వదులుగా ఎక్కించి, తలుపులు సరిగా పడుతున్నాయని చూసి బిగించాలి. ఎర్తు తీగ మరచితే దీపాలు మసకబారతాయి. బ్రేకులలోని గాలి పూర్తిగా తీయనిదే బండి రోడ్డెక్కరాదు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్.సి.లోని వివరాలు తయారీదారు నిర్దేశాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. చట్రం సంఖ్యే బండికి గుర్తింపు. పొరుగు రాష్ట్రపు తుక్కు దుకాణంలో కొన్న క్యాబ్‌పై వేరొక బండి సంఖ్యాఫలకం ఉంటే తనిఖీలో దొంగబండి అనుమానం తప్పదు. కొనుగోలు రసీదును బండిలోనే ఉంచాలి.