ఉమ్మడి గోడ, ఆడపిల్లల సంతకాలు

పాత ఇల్లు కొనేటప్పుడు అందరం గోడలు తట్టి చూస్తాం. చెమ్మ ఉందా, పెచ్చులు ఊడుతున్నాయా, మంజీరా నీళ్లు ఎన్ని రోజులకోసారి వస్తాయి అని అడుగుతాం. అవన్నీ అడగాల్సినవే. కానీ పాత ఇంటి అసలు చరిత్ర కాగితాల్లో ఉంటుంది. ఇంకా చెప్పాలంటే, కాగితాల్లో కనిపించని పేర్లలో ఉంటుంది. కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో మేం ఒక పాత ఎల్‌ఐజీ ఇల్లు కొన్నప్పుడు నాకు తెలిసొచ్చింది ఇదే.

హైదరాబాద్‌లో వరస ఇళ్లు కొత్తేమీ కాదు. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చి వేలమంది చనిపోయారు. ఆ తర్వాత 1912లో నిజాం ప్రభుత్వం సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టింది. ఇరుకు బస్తీల స్థానంలో వెడల్పు రోడ్లు వేసి, వరసగా క్వార్టర్లు కట్టించింది. వాటిని ఇప్పటికీ సీఐబీ క్వార్టర్స్ అనే అంటారు. స్వాతంత్ర్యం వచ్చాక ఆ పని హౌసింగ్ బోర్డు చేతికి వచ్చింది. 1970లో కేంద్రం హడ్కో పెట్టాక ఇళ్ల పథకాలకి అప్పులు దొరకడం మొదలైంది. మన ఆదాయాన్ని బట్టి ఇళ్లకి పేర్లు కూడా వచ్చాయి: ఈడబ్ల్యూఎస్, ఎల్‌ఐజీ, ఎంఐజీ, హెచ్‌ఐజీ. మా కాలనీలో అడ్రసు చెప్పాలంటే నంబరు ముందు ఈ మాట చెప్పాల్సిందే. ఎప్పుడో నలభై ఏళ్ల కిందట ఆ ఇంటాయన జీతం ఎంతో ఈనాటి కొరియర్ అబ్బాయికి కూడా తెలిసిపోతుందన్నమాట!

ఈ కాలనీ 1970ల చివరి నుంచి 1980లలో ఎదిగింది. అప్పట్లో ఇది ఊరికి దూరం. బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీల వాళ్లు, ఐడీపీఎల్, హెచ్‌ఏఎల్, బీహెచ్‌ఈఎల్ ఉద్యోగులు, చిన్న గుమస్తాలు, టీచర్లు వచ్చి చేరారు. స్థలం, ఇటుక, సిమెంటు కలిసి రావాలని చిన్న ఇళ్లని రెండేసి, నాలుగేసి అంటించి కట్టారు. మధ్యలో ఒకటే గోడ. ఇటు మేకు కొడితే అటు వినిపిస్తుంది. ఇటు తాలింపు వేస్తే అటు తుమ్ముతారు. ముందు గది, పడకగది, వంటిల్లు, వెనక బట్టలారేసుకునేంత పెరడు. మా పక్కింటి పెద్దావిడ అంటుంది, ఆ పెరటి గోడ మీదుగా వెళ్లినన్ని కూర గిన్నెలు గుమ్మం లోంచి వెళ్లలేదని.

1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ వచ్చాక ఈ దూరపు కాలనీ ఒక్కసారిగా దగ్గరైపోయింది. ఒక పక్క జేఎన్‌టీయూ పిల్లలు, ఇంకో పక్క సాఫ్ట్‌వేర్ పిల్లలు. 2017లో మెట్రో కూడా వచ్చింది. చిన్న ఇళ్లు కూల్చి హాస్టళ్లు కట్టడం మొదలైంది. అలా కూల్చే ఇళ్ల దగ్గర ఈ ఉమ్మడి గోడ అడ్డం పడుతుంది. రెండిళ్ల శ్లాబులూ దాని మీదే ఆనుకుని ఉంటాయి కాబట్టి ఒకరు తమ ఇష్టానికి పడగొట్టలేరు. గోడని వదిలేసి, లోపలికి జరిగి, తమ పిల్లర్లు తాము వేసుకోవాలి. మేం కూల్చే ఉద్దేశంతో కొనలేదు కాబట్టి ఆ గొడవ మాకు లేదు. మా గొడవ కాగితాల దగ్గర వచ్చింది.

బోర్డు ఈ ఇళ్లని చాలావరకు వాయిదాల మీద ఇచ్చింది. కిస్తులన్నీ కట్టాకే సేల్ డీడ్. కిస్తులు పూర్తి కాకముందే జీపీఏ రాసి చేతులు మార్చినవాళ్లు చాలామంది. జీపీఏతో యాజమాన్యం రాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. అందుకే ఇలాంటి ఇంటికి బోర్డు అలాట్‌మెంట్ దగ్గర్నుంచి ప్రతి లింకూ చూడాలి. మేం చూసిన ఇంటికి అన్నీ ఉన్నాయి. సేల్ డీడ్ ఆ ఇంటి పెద్దాయన పేరు మీదే ఉంది. ఈసీ శుభ్రంగా ఉంది. ఆయన వీలునామా రాయకుండా పోయారు, తర్వాత ఆవిడా పోయారు. అమ్ముతున్నది ఇద్దరు కొడుకులు.

"ఆడపిల్లలు లేరా?" అని అడిగాను.

"ఇద్దరున్నారు మేడమ్. పెళ్లిళ్లయిపోయాయి, కట్నాలిచ్చేశారు. వాళ్లతో పనేముంది?" అన్నాడు బ్రోకరు.

పనేముందో చెప్తాను. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం తండ్రి స్వార్జితం మీద, ఆయన వీలునామా రాయకపోతే, భార్యకీ కొడుకులకీ కూతుళ్లకీ సమానంగా హక్కు ఉంది. పెళ్లయిందా, కట్నం ఇచ్చారా అన్నది లెక్కలోకి రాదు. అయితే అదే చట్టంలో 23వ సెక్షన్ ఒకటి ఉండేది. కుటుంబం కాపురం ఉంటున్న ఇంటిని పంచమని కూతురు అడగకూడదు, మగవాళ్లు పంచుకోవాలనుకుంటే తప్ప! పెళ్లైన కూతురికి ఆ ఇంట్లో ఉండే హక్కు కూడా లేదు, మొగుడు వదిలేస్తేనో, విధవరాలైతేనో, విడిపోతేనో తప్ప. పుట్టిల్లు అన్న మాట మన నోట్లోనే గానీ చట్టంలో లేదన్నమాట. ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమల్లోకి వచ్చి, పిత్రార్జితంలోనూ కూతుళ్లకి కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. కానీ అది అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకే. 2005లో కేంద్రం చట్టాన్ని మార్చినప్పుడు ఆ మెలికా పోయింది, 23వ సెక్షనూ పోయింది.

చట్టం మారినంత తొందరగా ఇళ్లు మారలేదు. పసుపు కుంకుమ కింద ఏదో ఇచ్చాం, పండక్కి చీర పెడుతున్నాం అంటే సరిపోయిందనుకుంటారు. వాటా అడిగితే పుట్టింటి గుమ్మం మూసుకుంటుందని ఆడపిల్లలూ అడగరు. ఈసీలో అమ్మకాలు, తాకట్లు కనిపిస్తాయి గానీ వారసులు కనిపించరు.

అందుకని ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తెమ్మన్నాం. నలుగురూ అమ్మకందారులుగా సంతకం పెట్టాలని, నలుగురి పేర్లా నాలుగు డీడీలు ఇస్తామని చెప్పాం. "వాళ్లింటి సంగతి మనకెందుకు?" అని మావారు మొదట్లో విసుక్కున్నారు. రేపు వాళ్లలో ఒకరు కోర్టుకి వెళ్తే అది మనింటి సంగతే అవుతుందన్నాను. అన్నదమ్ములు కోపంతో రెండు నెలలు నాన్చారు. ఇల్లు చేజారిపోతుందనే అనుకున్నాం. చివరికి ఒప్పుకున్నారు.

రిజిస్ట్రేషన్ రోజు అక్కచెల్లెళ్లిద్దరూ వచ్చారు. పెద్దావిడ డీడీ తీసుకుని, రెండుసార్లు చదువుకుని, బ్యాగులో పెట్టుకుంది. చిన్నావిడ, తన డబ్బు అమ్మని చూసుకున్న అన్నయ్యకే ఇస్తానంది. ఇచ్చిందో లేదో నేను అడగలేదు. ఉంచుకున్నా ఇచ్చినా తన చేతిలోకి వచ్చాకే కదా ఆ మాట అనగలిగింది.

పాత ఇల్లు కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు, ఈసీ తప్పకుండా చూడండి. వాటితోపాటు ఆ ఇంట్లో పుట్టిన ఆడపిల్లలెందరో కూడా అడగండి. మగవాళ్లు అడగడానికి మొహమాటపడతారు. మనమే అడగాలి.