రేవులోని ఓడకు ఒడ్డునుంచి విద్యుత్తు

ఓడ రేవు చేరి, గట్టుకు కట్టిన తరువాత దాని యంత్రాలన్నీ ఆగిపోతాయని చూచేవారు అనుకుంటారు. నిజానికి ఆగేది ఓడను నడిపే పెద్ద యంత్రం మాత్రమే. దీపాలు వెలగాలి, పంపులు తిరగాలి, వంటశాల నడవాలి, మాంసమూ, పండ్లూ నింపిన పెట్టెలు చల్లగా ఉండాలి. ఈ పనులకు కావలసిన విద్యుత్తు కోసం ఓడలోని చిన్న డీజిలు ఇంజన్లు రాత్రింబవళ్లు నడుస్తూనే ఉంటాయి. వాటి పొగ నడిసముద్రంలో కాక, రేవును ఆనుకొని ఉన్న ఊరి మీద కమ్ముతుంది.

ఆ ఇంజన్లను ఆపి, ఊరికి వెలుగునిచ్చే విద్యుత్తునే ఓడకు కూడ అందించవచ్చును. ఈ పద్ధతికి నావికుల భాషలో ‘కోల్డ్ ఐరనింగ్’ అని పేరు. బొగ్గుతో ఓడలు నడిచే కాలంలో, రేవు చేరాక బాయిలరు కింది నిప్పును ఆరనిచ్చేవారు. ఇనుప యంత్రాలు మెల్లగా చల్లబడేవి. చల్లబడిన ఆ ఇనుము పేరే నేటికీ నిలిచినది. యుద్ధనౌకలు వారాల తరబడి రేవులో ఉంటాయి గనుక, నౌకాదళాలు ఒడ్డు విద్యుత్తును చాలకాలంగా వాడుతున్నాయి.

ఇందుకు తలకిందులైన ఘట్టం కూడ ఒకటి జరిగినది. 1929లో అమెరికా పడమటి తీరాన ఉన్న టకోమా నగరంలో వానలు లేక జలాశయాలు అడుగంటి, జలవిద్యుత్తు చాలకపోయినది. అప్పుడు ‘లెక్సింగ్టన్’ అనే విమానవాహక నౌక రేవుకు వచ్చి, ఆ డిసెంబరు 17 మొదలు 1930 జనవరి 16 వరకు నగరానికి 40 లక్షల యూనిట్లకు పైగా విద్యుత్తు నిచ్చినది. అంటే ఓడకూ నేలకూ తీగలు కలిపే విద్య ఏనాడో తెలిసినదే. అయినను వర్తకపు ఓడలు దాన్ని చాలకాలం ముట్టలేదు. ఎందుచేత?

సాంకేతికంగా మూడు చిక్కులున్నవి. మొదటిది పౌనఃపున్యం. చాల ఓడలలో విద్యుత్ ప్రవాహం సెకండుకు 60 సార్లు దిశమారి తిరిగి వస్తుంది. అమెరికాలో ఒడ్డు విద్యుత్తు కూడ అంతే. కాని ఐరోపాలోను, మన దేశంలోను అది 50 మాత్రమే. కనుక నడుమ ఒక మార్పిడి యంత్రం కావాలి. రెండవది తీగల బరువు. శక్తి అంతే ఉన్నప్పుడు వోల్టేజి తక్కువైతే ప్రవాహం పెరుగుతుంది. లావుపాటి కేబుళ్లు అనేకం కావాలి. 440 వోల్టులకు బదులు 6,600 వోల్టులు వాడితే ప్రవాహం 15వ వంతుకు తగ్గి, కేబుళ్ల బరువు ఎంతో తగ్గుతుంది. స్వీడన్‌లోని గోతెన్‌బర్గ్ రేవు 2000లో 10,000 వోల్టులతో సరుకు ఓడలకు విద్యుత్తునివ్వడం ఈ మార్గానికి తొలి మైలురాళ్లలో ఒకటి. మూడవది, ఓడకొక తీరుగా ఉండే అమరిక. 2012లో అంతర్జాతీయ ప్రమాణం వెలువడి ఈ చిక్కును చాలవరకు తీర్చినది.

అయితే అన్నింటినీ మించిన చిక్కు ఖర్చు. ఓడలు సిద్ధంగా లేవని రేవులు, రేవులు సిద్ధంగా లేవని ఓడల యజమానులు అనేవారు. పొగ పీల్చేవారి నష్టం మాత్రం ఎవరి లెక్కలలోనూ చేరలేదు. ఆ పొగ ఎటువంటిదో శాస్త్రజ్ఞులు క్రమంగా తేల్చారు. డీజిలు పొగ మనుష్యులకు కాన్సరు కలిగించేదని ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన కాన్సరు పరిశోధక సంస్థ 2012లో ప్రకటించినది.

అంతకు ముందే లాస్ ఏంజెలస్ రేవు పక్కన శాన్ పెద్రో ప్రజలు కోర్టుకు వెళ్లారు. వారి ఇండ్లకు దగ్గరలో కంటెయినరు ఓడలకు ఒక కొత్త ధక్కా కడుతూ, దానివల్ల కలిగే హానిని సరిగా పరిశీలించలేదని 2001లో స్థానికులు, పర్యావరణ సంఘాలతో కలిసి దావా వేశారు. 2002లో కోర్టు ఆ నిర్మాణాన్ని ఆపినది. 2003లో రాజీ కుదిరినది. ధక్కాకు వచ్చే ఓడలలో అధికభాగం ఒడ్డు విద్యుత్తునే వాడాలన్నది ఒక షరతు. 2004 జూన్‌లో అక్కడ తొలి కంటెయినరు ఓడకు తీగ తగిలించారు. 2007లో కాలిఫోర్నియా రాష్ట్రం చేసిన నిబంధన 2014 నుంచి అమలైనది. కాని తీగ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ ధక్కా విషయంలో ఒప్పుకొన్న చర్యలన్నీ అమలు కాలేదని 2015లో రేవు అధికారులే వెల్లడించారు.

మరొక సంగతి కూడ గుర్తుంచుకోవాలి. ఒడ్డు విద్యుత్తు బొగ్గునుంచి వచ్చినదైతే, పొగ రేవు విడిచి విద్యుత్కేంద్రం పక్క ఊరికి చేరుతుంది. అలాస్కాలోని జూనో రేవు 2001లో విహారనౌకలకు ఇచ్చినది జలవిద్యుత్తు. మేలు అక్కడ సంపూర్ణమైనది.

ఐరోపా సమాఖ్య 2023లో చేసిన చట్టం ప్రకారం 2030నుంచి పెద్ద రేవులలో కంటెయినరు ఓడలు, ప్రయాణికుల ఓడలు ఒడ్డు విద్యుత్తును వాడవలసి ఉంటుంది. అదే 2023లో మన ప్రభుత్వం ప్రకటించిన ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలలోను ఈ ఏర్పాటుకు చోటు లభించినది. 1933లో ఆరంభమైన విశాఖపట్నం రేవు చుట్టూ నేడు మహానగరం పెరిగినది. అటువంటి రేవులకు ఈ తీగ కేవలం ఇంధనం ఆదా చేసే సాధనం కాదు. ఊరివారి ఊపిరికి సంబంధించిన ఏర్పాటు.